మొదటి మూడు రోజులు

ఈ పేజీలో మామూలుగా పరీక్షల భయం గురించో, సెల్‌ఫోన్ మాన్పించడం గురించో చదువుతుంటాం. ఈ నెల నేను సముద్రం గురించి రాస్తున్నాను. శంషాబాద్‌లో ఉండి సముద్రమేమిటని మీరు నవ్వుకోవచ్చు. మన ఎయిర్‌పోర్టు సముద్ర మట్టానికి 617 మీటర్ల ఎత్తున ఉంది. బీచ్ చూడాలంటే బాపట్ల సూర్యలంక దాకా పోవాలి, కారులో ఆరు గంటలు. అయినా ఈ సంక్రాంతి సెలవుల్లో మా ఇంట్లో అందరి మనసూ సముద్రం మీదే ఉంది. మా అమ్మాయి, మన క్యాంపస్‌లోనే తొమ్మిదో తరగతి, ముంబై నుంచి గోవా దాకా తెరచాప పడవలో వెళ్లింది. ఎలా పంపారు, ఏం జరిగింది అని మొన్న పీటీఎంలో చాలామంది అడిగారు. ఒక్కొక్కరికీ చెప్పేకన్నా ఇలా రాస్తే నయమనిపించింది.

ముందు మా సంగతి కొంచెం చెప్పాలి. నేను ఎయిర్‌పోర్టు కార్గోలో కాగితాలు చూసే పని చేస్తాను. మా పుట్టిల్లు శ్రీకాకుళం జిల్లాలో, కళింగపట్నం దగ్గర. మా ఆయనది ఇక్కడి ఊరే, సొంతంగా నాలుగు కార్లు పెట్టుకుని ట్రావెల్స్ నడుపుతారు. 2008లో ఎయిర్‌పోర్టు తెరిచాక ఇక్కడికి ఉద్యోగానికి వచ్చినవాళ్లలో నేనొకదాన్ని. అంటే మా ఇంట్లో ఒకరికి సముద్రం పెరడు లాంటిది, ఇంకొకరికి పాఠ్యపుస్తకంలో నీలం రంగు.

మా తమ్ముడు మర్చంట్ నేవీలో ఉన్నాడు. ఆరు నెలలు పెద్ద ఓడ మీద తిరిగి వచ్చి, సెలవుల్లో మళ్లీ చిన్న పడవ ఎక్కే రకం. ఈసారి వాడూ, ఇద్దరు స్నేహితులూ, వాళ్లలో ఒకరి భార్యా కలిసి ముప్పై ఎనిమిది అడుగుల కాటమరాన్‌లో ముంబై నుంచి కొచ్చి దాకా తీరం వెంట వెళ్లాలని ప్లాన్ వేశారు. మా అమ్మాయి రెండేళ్లుగా ఆదివారాలు హుస్సేన్‌సాగర్‌లో ఆప్టిమిస్ట్ అనే చిన్న పడవ నడుపుతోంది. ఏడున్నర అడుగుల చిల్లర పొడవు, ఒకటే తెరచాప, పిల్లల కోసం చేసిన పడవ. తమ్ముడు ఫోన్ చేసి, ‘అక్కా, సెలవులే కదా, గోవా దాకా పిల్లని పంపు. వారం రోజులు. గోవాలో విమానం ఎక్కించేస్తాను’ అన్నాడు.

మా ఆయన మొదటి మాట, ‘నీళ్లు లేని ఊర్ల పుట్టినోళ్లం. మనకెందుకీ సముద్రాలు?’ రెండో మాట, ‘పిల్లకు ఈత వచ్చని నీకు ఎర్క, నాకు ఎర్క. సముద్రానికి ఎర్కనా?’ మూడోది సెలవుల తర్వాత వచ్చే వీకెండ్ టెస్ట్. నాలుగోది వాళ్లమ్మ ఏమంటుందో అని. ఇలా ఒకటొకటే చేరి ఓ పెద్ద జాబితా అయింది.

ఆ జాబితా వింటుంటే నాకు డార్విన్ గుర్తొచ్చాడు. నవ్వకండి, నిజంగానే. పిల్లల సైన్స్ పుస్తకంలో గడ్డం ముసలాయనగా కనిపించే చార్లెస్ డార్విన్, 1831లో బీగిల్ అనే ఓడలో ప్రపంచం చుట్టి వచ్చే అవకాశం వచ్చినప్పుడు ఇరవై రెండేళ్ల కుర్రాడు. వాళ్ల నాన్న డాక్టరు. వద్దన్నాడు. ఆయన అభ్యంతరాలు ఎనిమిది, డార్విన్ వాటిని వరసగా కాగితం మీద రాసుకున్నాడు. ఇదంతా పిచ్చి ఆలోచన అనీ, రేపు మతగురువు కావలసినవాడికి పరువు తక్కువ అనీ, పనికిరాని ప్రయాణమనీ. అయితే, తెలివైనవాడు ఒక్కడైనా వెళ్లమని చెబితే ఒప్పుకుంటానని కూడా అన్నాడట. ఆ ఒక్కడు ఎవరో తెలుసా? మేనమామ, జోసయా వెడ్జ్‌వుడ్. ఎనిమిది అభ్యంతరాలకూ విడివిడిగా జవాబులు రాసి బావగారికి పంపాడు. ఆ డాక్టరుగారు మాట మీద నిలబడి ఒప్పుకున్నారు. మేనమామల ప్రతాపం మన దగ్గరే అనుకుంటాం గానీ ఇంగ్లండ్‌లో కూడా ఉంది.

ఆ తర్వాతి సంగతే మనకు ముఖ్యం. ఆ డిసెంబరులో బీగిల్ రెండుసార్లు బయలుదేరి, గాలివానకు రెండుసార్లూ వెనక్కి వచ్చింది. చివరికి 27న కదిలింది. కదిలిన దగ్గర్నుంచి డార్విన్‌కు వాంతులే. మొదటి రోజుల్లో తిన్నది నిలవక పడుకునే ఉన్నాడు. దాదాపు ఐదేళ్ల ఆ ప్రయాణంలో సముద్రం పడని బాధ ఆయన్ని పూర్తిగా వదలనే లేదు. ఒడ్డు కనిపిస్తే దిగేవాడు, నేల మీద తిరిగి చూసేవాడు, మళ్లీ ఎక్కేవాడు.

మా ఆయనకు ఈ కథ చెబితే ‘మనమ్మాయి డార్విన్ కాదు కదా’ అన్నారు. అదీ నిజమే.

అప్పుడు తారిణి గురించి చెప్పాను. ఇది మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2017 సెప్టెంబర్ 10న భారత నౌకాదళానికి చెందిన ఐఎన్‌ఎస్‌వీ తారిణి అనే తెరచాప పడవ గోవా నుంచి బయలుదేరింది. పొడవు 17 మీటర్లు. ఆరుగురే ఆడవాళ్లు, ఆరుగురూ నేవీ ఆఫీసర్లు. జెండా ఊపింది, మూడు రోజుల ముందే రక్షణ మంత్రిగా బాధ్యతలు తీసుకున్న నిర్మలా సీతారామన్. కెప్టెన్ వర్తికా జోషి. ఆ ఆరుగురిలో ఇద్దరు మనవాళ్లు. లెఫ్టినెంట్ కమాండర్ పి. స్వాతిది విశాఖపట్నం. లెఫ్టినెంట్ బి. ఐశ్వర్యది మన హైదరాబాదు. స్వాతి వృత్తి ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్, అంటే మన కంట్రోల్ టవర్‌లో కూర్చునేవాళ్లు చేసే పనే. ఐశ్వర్య ఓడల నిర్మాణం చదివిన ఇంజినీరు. ఇద్దరిలో ఒకరు సముద్రం పక్కన, ఒకరు సముద్రం లేని చోట పెరిగారు. 254 రోజుల తర్వాత, 2018 మే 21న, భూగోళం చుట్టి అదే గోవాకు వచ్చారు.

మనం పేపర్లో చదివేది జెండా ఊపడం, పూలదండలు వేయడం. అసలు మొదలు అంతకు ముందెప్పుడో అయిపోయింది. సెప్టెంబర్ 10 నాటికే ఆ ఆరుగురూ సుమారు 20,000 నాటికల్ మైళ్లు తిరిగి ఉన్నారు. నాటికల్ మైలంటే 1.852 కిలోమీటర్లు, లెక్క మీరే వేసుకోండి. 2016లో, 2017లో మారిషస్‌కు వెళ్లి వచ్చారు. 2016 డిసెంబర్‌లో గోవా నుంచి కేప్‌టౌన్‌కు వెళ్లారు. నేర్పింది కెప్టెన్ దిలీప్ దోండే, ఒంటరిగా తెరచాప పడవలో ప్రపంచాన్ని చుట్టిన మొదటి భారతీయుడు. గోవా నుంచి భూమధ్యరేఖ దాటడానికి పదిహేను రోజులు, ఆస్ట్రేలియాలో ఫ్రీమాంటిల్ చేరడానికి నలభై మూడు రోజులు పట్టింది. పసిఫిక్‌లో ఏడు మీటర్ల అలలు ఎదురైంది ఆ తర్వాతెప్పుడో. పడవలో నిలబడటం, పడుకోవడం, వండుకోవడం అప్పటికే ఒంటికి పట్టి ఉన్నాయి కాబట్టే వాటిని తట్టుకున్నారు. ‘ఆ ఐశ్వర్య ఇంట్ల కూడా ఒక నాయిన ఉంటడు కదా’ అన్నారు మా ఆయన, చాలాసేపు ఊరుకున్నాక. అదే ఒప్పుకోవడం అని నేను అర్థం చేసుకున్నాను.

ఒప్పుకున్నాక ప్రశ్నలు మొదలయ్యాయి. అది నాకు నచ్చింది. ‘కాటమరాన్ అంటే ఏంది?’ అన్నారు. మా ఊళ్లో మత్స్యకారులు వేసే తెప్ప తెలుసా అన్నాను. నాలుగైదు దుంగలను పక్కపక్కన పెట్టి తాళ్లతో బిగించి కడతారు, నీళ్లు పైనుంచి వచ్చి సందుల్లోంచి పోతాయి, మునగడానికి అందులో గదంటూ ఉండదు. ఇంగ్లిష్‌లో కాటమరాన్ అనే మాట తమిళంలో ‘కట్టుమరం’ నుంచి, అంటే కట్టిన మాను నుంచి పోయింది. పేరు మన తీరానిదే. ఇప్పటి కాటమరాన్ వేరు. రెండు సన్నటి పడవలను దూరంగా పెట్టి మధ్యలో ఇల్లు కట్టినట్టుంటుంది. మామూలు తెరచాప పడవ గాలికి ఒక పక్కకు ఒరిగిపోతుంది, కింద బరువు ఉంటుంది కాబట్టి తిరిగి లేస్తుంది. కాటమరాన్ వెడల్పు వల్ల అంతగా ఒరగదు, టేబుల్ మీద టీ గ్లాసు నిలబడుతుంది. కానీ ఎప్పుడైనా బోల్తా పడితే తనంతట తాను లేవదు. అందుకే గాలి పెరగక ముందే తెరచాప తగ్గించేయాలి. మా తమ్ముడి మాటల్లో, ‘తగ్గించాలా అని అనుమానం వచ్చిందంటే అప్పటికే ఆలస్యమైంది, బావా.’

గాలికి ఎదురుగా ఎలా పోతుందని ఇంకో ప్రశ్న. మా ఆయన సంక్రాంతికి గాలిపటాల మనిషి. తమ్ముడు దాంతోనే చెప్పాడు. ‘మాంజా వదిలేస్తే పతంగి ఏమవుతుంది బావా? గాలితో పాటే కొట్టుకుపోతుంది. నువ్వు పట్టుకున్నావు కాబట్టే పైకి లేస్తోంది. పడవకి ఆ పట్టు కింద నీళ్లలో ఉంటుంది.’ నేరుగా గాలి వచ్చే వైపుకు పోలేదు, కొంచెం ఏటవాలుగా ఇటూ, మళ్లీ అటూ మలుపులు తిరుగుతూ పోతుంది.

మీ పిల్లల్ని ఎప్పుడైనా ఇలా పంపవలసి వస్తే మేము అడిగినవి అడగండి. పిల్లకు సరిపోయే లైఫ్ జాకెట్ ఉందా, పెద్దవాళ్లది కాదు కదా? రాత్రిపూట డెక్ మీదికి వస్తే ఒంటికి కట్టిన బెల్టును తాడుతో పడవకు తగిలిస్తారా? రేడియో పని చేస్తోందా? ఏ రోజు ఎక్కడ లంగరు వేస్తారో ఒడ్డున ఎవరి దగ్గర రాసి ఉంది? పడవలో ఆఖరి మాట ఎవరిది? సముద్రంలో ఆపద వస్తే కోస్ట్‌గార్డ్ నంబరు 1554, ఇది ఫోన్లో పెట్టుకోండి, వైజాగ్ బీచ్‌కు వెళ్లేవాళ్లకైనా పనికొస్తుంది. ఇంకో సంగతి. దేశం మొత్తం తీరానికి అలలు ఎంత ఎత్తున లేస్తాయో ముందే చెప్పే సంస్థ ఎక్కడుందనుకున్నారు? మన దగ్గరే, ప్రగతినగర్‌లో. ఇన్‌కాయిస్. 1999 నుంచి ఉంది. సునామీ హెచ్చరికలు ఇచ్చేదీ వాళ్లే. రత్నగిరి దగ్గర అలల ఎత్తు చూసుకోవాలంటే మా తమ్ముడు కూడా హైదరాబాదు వైపే చూడాలి. ఈ మాట విన్నాక మా ఆయనకు సగం ధైర్యం వచ్చింది.

శనివారం ఉదయం ముంబైలో బయలుదేరారు. మొదటి గంటంతా ఫొటోలే. పెద్ద ఓడలు, గేట్‌వే, పావురాల్లా వెంటపడే తెల్ల పక్షులు. జనవరిలో ఆ తీరాన గాలికి ఒక పద్ధతి ఉంటుంది. తెల్లవారుజామున నేల చల్లబడి ఉంటుంది కాబట్టి నేల మీది నుంచి సముద్రం వైపు వీస్తుంది. ఎండెక్కాక పూర్తిగా సద్దుమణుగుతుంది. మధ్యాహ్నం దాటాక సముద్రం వైపు నుంచి, వాయవ్యం నుంచి మొదలై సాయంత్రం దాకా బలంగా ఉంటుంది. మా తాతల కాలంలో తెప్పలు చీకట్లో బయలుదేరి మధ్యాహ్నం తిరిగొచ్చిందీ ఈ లెక్క మీదే. అక్కడి తీరంలో ఆ గాలి పట్టుకుని దక్షిణానికి జారిపోవచ్చు.

ఫొటోలు పదకొండింటికి ఆగిపోయాయి. సాయంత్రం మురుద్ దగ్గర, జంజీరా కోట కనిపించేలా లంగరు వేశాక తమ్ముడు ఫోన్ చేశాడు. ‘మేడమ్‌గారు మూడుసార్లు సముద్రానికి నైవేద్యం పెట్టారు. భయం లేదు.’ కాటమరాన్ ఒరగదు కాబట్టి వాంతులు రావనుకున్నాం. ఒరగదు గానీ చిన్న చిన్నగా కుదుపుతుంది, మధ్య గది కింద అలలు తలుపు కొట్టినట్టు కొడతాయి. చెవి లోపల ఉండే తూకం ‘కదులుతున్నాం’ అంటుంది, గదిలో ఎదురుగా గోడను చూస్తున్న కన్ను ‘కదలడం లేదు’ అంటుంది. ఆ తగాదాకు కడుపు బలి. మందు వేసుకోవాలంటే పడవ ఎక్కకముందే వేసుకోవాలి, మొదలయ్యాక వేస్తే లోపల నిలవదు. లోపలికి పోకూడదు, ఫోన్ చూడకూడదు, దూరంగా నీళ్లూ ఆకాశమూ కలిసే గీతను చూస్తుండాలి. వాంతి కన్నా ఒంట్లో నీరు పోవడం ప్రమాదం, అందుకని ఓఆర్‌ఎస్ గుక్క గుక్కగా తాగించాలి.

రెండో రోజు అసలు రోజు. పొద్దున్నే నేల గాలి కాసేపు వీచి పడిపోయింది. గాలి లేదు, కానీ ఎక్కడో దూరాన లేచిన పాత అలల ఊపు మిగిలి ఉంది. తెరచాప ఇటూ అటూ కొట్టుకుంటోంది, ఇంజిన్ వేశారు, డీజిల్ వాసన. గాలివాన కన్నా ఇది పాడు అంటాడు తమ్ముడు. పైగా ఆ తీరంలో వలలు. నీళ్లలో వల ఉన్నచోట గుర్తుగా థర్మకోల్ ముక్కో, ప్లాస్టిక్ డబ్బానో, జెండా కట్టిన కర్రో తేలుతుంటుంది. చూడకుండా పోతే వల తాడు ఇంజిన్ రెక్కకు చుట్టుకుంటుంది, అటు జాలరి వలా పోతుంది, ఇటు పడవా ఆగుతుంది. ముందు భాగంలో కూర్చుని అవి ఎక్కడున్నాయో అరిచి చెప్పే పని మా అమ్మాయికి ఇచ్చారు. రెండు గంటలు చేసింది. తర్వాత చేయలేక వెళ్లి పడుకుంది.

ఆ రోజు సాయంత్రం దాభోల్ దగ్గర సిగ్నల్ దొరికాక మెసేజ్ వచ్చింది. ‘అమ్మా, నేను వచ్చేయనా?’

ఎయిర్‌పోర్టు పక్కన బతికేవాళ్లకు ఇలాంటి మెసేజ్ చాలా కష్టమండి. నా డెస్క్ నుంచి చూస్తే నిమిషానికో విమానం. ఎక్కడికైనా గంటన్నరలో దిగొచ్చు అనిపిస్తుంది. మా ఆయన అప్పటికే మ్యాప్ తీశారు. రత్నగిరికి షోలాపూర్ మీదుగా ఒక రాత్రంతా కారు. ‘డ్రైవర్‌ను లేపనా?’ అన్నారు. నాకూ చేయి ఫోన్ మీదే ఉంది. పిల్ల మూడు మాటలే రాసింది, వచ్చేస్తానని రాయలేదు, వచ్చేయనా అని అడిగింది. దానికి రమ్మంటే ఒక జవాబు, వద్దంటే ఒక జవాబు. రమ్మంటే రేపు పొద్దున్నే సంచి సర్దుకుంటుంది. వద్దంటే మేము వినలేదని అనుకుంటుంది.

తమ్ముడికి ఫోన్ చేశాను. వాడు ధైర్యాలేమీ చెప్పలేదు. ‘అక్కా, మొదటి మూడు రోజులూ ఒళ్లు మనది కాదు. నాకూ ఇప్పటికీ అంతే, ప్రతి ఓడకీ అంతే. మూడోరోజు సాయంత్రం రత్నగిరి. అక్కడ రోడ్డుంది, స్టేషన్ ఉంది. దిగాలంటే అక్కడ దిగొచ్చు, నేనే దింపుతాను. రేపు మాత్రం చుక్కాని తనకే ఇస్తాను. నడిపేవాళ్లకు కడుపులో తిప్పడం తక్కువ’ అన్నాడు.

పిల్లకు నేను రాసింది ఇదీ: ‘రేపు సాయంత్రం రత్నగిరిలో కూడా ఇదే మాట అంటే నాన్న కారేసుకుని వస్తారు. ఇప్పుడేం తిన్నావు?’ అరగంటకు జవాబు వచ్చింది. ‘రెండు మేరీ బిస్కెట్లు. ఒకటి ఉంది, ఒకటి పోయింది.’

ఆ రాత్రి మేమిద్దరం నిద్రపోలేదు. మా ఆయన కారు ట్యాంక్ ఫుల్ చేయించి తెచ్చారు.

మూడోరోజు పొద్దున్నుంచి ఏ కబురూ లేదు. నేను షిఫ్ట్‌లో ఉన్నాను, రెండు సరుకు విమానాల కాగితాలు, మధ్య మధ్యలో ఫోన్. ఇన్‌కాయిస్ పేజీలో అలలు మీటరు లోపే అని ఉంది. ఆ అంకె చదువుకోవడానికి బాగుంటుంది గానీ దాని మీద పిల్ల కనిపించదు. సాయంత్రం ఆరు, ఏడు, ఎనిమిది. చేరవలసిన సమయం దాటింది. రేడియో ఉంది, మిగిలిన ముగ్గురి ఫోన్లూ ఉన్నాయి, ఒక్కటీ కలవలేదు. ఎనిమిదిన్నరకు మా ఆయన తాళాలు తీసుకుని కారు దగ్గరికి వెళ్లి కూర్చున్నారు. ఎక్కడికి వెళ్లాలో ఆయనకూ తెలియదు.

తొమ్మిది దాటాక వచ్చింది. ‘రత్నగిరి వచ్చేశాం. గాలి లేట్‌గా వచ్చింది. నేనే మూడు గంటలు నడిపాను. 165 మీద ఉంచమన్నారు, రన్‌వే అయితే 16కీ 17కీ మధ్య. అన్నం, పప్పు తిన్నాను, ఉంది. తెల్లవారుజాము వాచ్ నాది, పడుకుంటున్నా.’

రన్‌వే సంగతి మీకు చెప్పాలి. మన రన్‌వే రెండు చివర్లా 09, 27 అని అంకెలుంటాయి. అవి దిక్సూచి మీద 90, 270 డిగ్రీలు, అంటే తూర్పు, పడమర. విమానాలు గాలికి ఎదురుగా దిగుతాయి కాబట్టి వానాకాలంలో పడమటి గాలికి పడమటి వైపు ముఖం పెట్టి దిగుతాయి, గాలి మారితే ఇటు తిరుగుతాయి. చిన్నప్పటి నుంచి మేడ మీద నిలబడి అవి చూసిన పిల్లకు పడవలో దిక్సూచి కొత్తగా అనిపించలేదట. నేను కారు దగ్గరికి వెళ్లి ఫోన్ చూపించాను. మా ఆయన రెండుసార్లు చదివి, ‘రమ్మన్లేదు కదా’ అన్నారు. లేదన్నాను. ఆయన మొహంలో సంతోషంతో పాటు కొంచెం నిరాశ కూడా కనిపించింది, ట్యాంక్ ఫుల్ చేయించుకున్న మనిషి కదా.

మిగిలిన రోజుల గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు, బాగా గడిచినవాటికి కథ తక్కువ. విజయదుర్గ్, మాల్వణ్, గోవా. భోగి రోజు పడవలోనే ఉన్నారు, మంట వేయడానికి వీల్లేదు కాబట్టి గ్యాస్ స్టవ్ చుట్టూ నిలబడి ఫొటో పంపారు. ఐదోరోజు మళ్లీ ఒకసారి వాంతయింది. ఈసారి దాని గురించి రాయలేదు, మాకు తమ్ముడు చెప్పాడు. మంచినీళ్లు ట్యాంకులో ఉన్నంతే కాబట్టి స్నానం సముద్రపు నీళ్లతో, ఆఖర్న ఒక్క మగ్గు మంచినీళ్లు. ఇప్పుడు ఇంట్లో షవర్ కట్టేసి సబ్బు రాసుకుంటోంది, మంజీరా ట్యాంకర్ ఖర్చు తగ్గుతుందేమో చూడాలి. తెల్లవారుజామున ఒక్కతే మెలకువగా ఉండి పడవను చూసుకోవడం బాగా నచ్చిందట. బాత్రూమ్ అస్సలు నచ్చలేదట. పెద్దయ్యాక నావికురాలు అవుతావా అంటే, రేడియోలో మాట్లాడే పని అయితే చూస్తానంది. వీకెండ్ టెస్ట్‌లో మార్కులు తగ్గాయి. ఆ సంగతి దాచడం లేదు, ప్రిన్సిపాల్ మేడమ్‌కూ తెలుసు.

ఒక్కటి మాత్రం నన్ను వదలడం లేదు. మా చిన్నాన్న కొడుకులు ఇద్దరు ప్రతి ఏటా గుజరాత్‌లో వెరావల్‌కు వెళ్లి వేట పడవల మీద పని చేస్తారు. ఇరవై, ముప్పై రోజులు నేల చూడకుండా. మీలో చాలామంది ‘తండేల్’ సినిమా చూసే ఉంటారు. 2018లో అక్కడి నుంచి వేటకు వెళ్లి పాకిస్తాన్‌కు చిక్కి, చాలామంది 2020 జనవరిలో గానీ ఇల్లు చేరని ఉత్తరాంధ్ర మత్స్యకారుల కథే దానికి ఆధారం. మా వాళ్లు పడవ ఎక్కిన మొదటి రోజుల్లో వాళ్లకూ కడుపులో తిప్పుతుంది. ‘వచ్చేయనా’ అని అడగడానికి వాళ్లకు ఒక అమ్మ ఉంది గానీ, ట్యాంక్ ఫుల్ చేయించిన కారు లేదు. మేము డబ్బు కట్టి పిల్లను పంపిన సముద్రానికే వాళ్లు జీతానికి పోతున్నారు. మా అమ్మాయి వచ్చాక పెద్దవాడికి ఫోన్ చేసి వాంతుల గురించి చెబితే, వాడు నవ్వి, ‘ఎండు చేప కాల్చుకుని నోట్లో ఎట్టుకోవలసింది చెల్లీ, బిస్కట్లేటి’ అన్నాడు. తర్వాత అరగంట సేపు ఇద్దరూ వలల గురించి మాట్లాడుకున్నారు. థర్మకోల్ ముక్క కనిపిస్తే ఏ వైపు నుంచి తప్పించుకుని పోవాలో వాడు చెబుతుంటే మా అమ్మాయి నోట్‌బుక్‌లో బొమ్మ గీసుకుంది. ఆ పేజీ మన స్కూల్ మ్యాథ్స్ రఫ్ నోట్‌లోనే ఉంది, టీచర్‌గారు చూస్తే ఏమీ అనకండి.

తమ్ముడి పడవ గోవా దాటి కార్వార్, మంగళూరు మీదుగా కిందికి పోయింది. ఇది రాస్తున్న రోజుకు కొచ్చి ఇంకా రెండు రోజులుంది. మా పిల్ల క్షేమంగా ఇంట్లో నిద్రపోతోంది. మా ఆయన మాత్రం పొద్దున లేవగానే టీ కన్నా ముందు ప్రగతినగర్ వాళ్లు పెట్టిన అలల ఎత్తు చూసి, ‘మీ తమ్మునికి చెప్పు, రేపు జర పెరుగుతదట’ అంటున్నారు.